బురద నీళ్ళలో ముద్దలు ఎలా కడతాయి?

ప్రశ్న: బురద నీళ్ళు గ్లాసులో కదపకుండా పెడితే కాసేపటికి సన్నటి ముద్దలు కట్టి కిందికి దిగుతున్నాయండి. గ్రావిటీ లాగడం వల్ల కణాలు అంటుకుంటున్నాయా, లేక అంటుకున్నాకే బరువెక్కి దిగుతున్నాయా?

జవాబు: రెండూ జరుగుతాయండి, ఒకటి జరిగితే రెండోది ఇంకా జోరందుకుంటుంది. కాకపోతే గ్రావిటీ ఉన్నంత మాత్రాన కణాలు ఢీకొట్టుకోవు. ఒకే సైజు, ఒకే డెన్సిటీ ఉన్న కణాలన్నీ దాదాపు ఒకే స్పీడులో దిగుతాయి, పక్కపక్కనే నడిచే ఇద్దరిలాగా, మధ్యలో దూరం అలాగే ఉండిపోతుంది. తేడా ఉంటేనే కథ మొదలవుతుంది. 1851లో భౌతిక శాస్త్రవేత్త స్టోక్స్ చెప్పిన లెక్క ప్రకారం దిగే స్పీడు రెండింటి మీద ఆధారపడుతుంది, కణానికీ నీటికీ ఉన్న డెన్సిటీ తేడా ఒకటి, కణం సైజు స్క్వేర్ ఇంకోటి. అంటే 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మట్టి రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి 30 గంటలు పడితే 10 మైక్రాన్లది 20 నిమిషాల్లోపే దిగిపోతుంది, దారిలో చిన్నవాటిని తగులుకుంటూ పోతుంది. పైకి తేలే నూనె చుక్కా కిందికి దిగే మట్టీ ఎదురుపడ్డా ఇంతే.

అయితే అడ్డమొచ్చిన ప్రతిదీ తగలదండి, పెద్ద కణం చుట్టూ తిరిగి వెళ్ళే నీళ్ళు చిన్నవాటిని కూడా పక్కకి తీసుకుపోతాయి, చాలావరకు తప్పించుకుంటాయి. మైక్రాన్ కన్నా బాగా చిన్నవాటికైతే గ్రావిటీ దాదాపు లెక్కలోకే రాదు, బ్రౌనియన్ కదలికే, అంటే నీటి అణువులు తగలడం వల్ల కణాలు అటూఇటూ ఊగిసలాడడమే, వాటిని కలుపుతుంది, దాని లెక్క భౌతిక శాస్త్రవేత్త స్మొలుకోవ్‌స్కీ 1917లో కట్టాడు.

ఇంకోటి, నాకు చాలా ముఖ్యం అనిపించేది, తగలడం వేరు అంటుకోవడం వేరు. మట్టి కణాల మీద మామూలుగా నెగటివ్ ఛార్జ్ ఉంటుంది కాబట్టి దగ్గరికొచ్చినా తోసేసుకుంటాయి, ఉప్పో పటికో పడితే ఆ తోపుడు తగ్గి అతుక్కుంటాయి. అలా కట్టిన ముద్ద గట్టిగా ఉండదు, లోపలంతా నీళ్ళే, అందుకే పెరిగేకొద్దీ దాని డెన్సిటీ నీటికి దగ్గరైపోతుంది, సైజు పెరిగినంత జోరుగా స్పీడు పెరగదు.

గ్రావిటీ వంతు ఎంతో విడిగా తెలియాలంటే డెన్సిటీ తేడానే తీసేయాలి. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ డెన్సిటీ నీటికి 1.05 రెట్లు, మామూలు నీళ్ళలో దాదాపు సగం హెవీ వాటర్ (బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్ళు) కలిపి అంతకే తెస్తే ఆ ప్లాస్టిక్ కణాలు దిగవు, తేలవు. అప్పుడు కూడా ముద్దలు కడుతున్నాయంటే అది బ్రౌనియన్ కదలిక వల్లో నీళ్ళు కదలడం వల్లో అన్నమాట.