చీలమండ బిగుసుకుపోయిందని భయపడకు తమ్ముడూ

నాలుగు నెలలుగా ఎముకల టీబీ మందులు వాడుతున్నా, కట్టు విప్పాక చీలమండ కదలట్లేదని టెన్షన్ పడుతున్నావు. మందులు పనిచేయట్లేదని అప్పుడే అనుకోకు. వారాల తరబడి కట్టులో ఉన్న కీలు ఎవరికైనా బిగుసుకుపోతుంది, నాకూ అంతే అయింది.

డాక్టర్ కదిలించమన్నాకే మొదలుపెట్టు. కాలు చాపి కూర్చుని, పాదాన్ని మెల్లగా నీవైపు లాగు, ముందుకు వంచు, పదేసి సార్లు. తర్వాత బొటనవేలితో గాలిలో అ, ఆలు రాయి. నేను మొదట్లో 'ఊ' దగ్గరే ఆగిపోయేవాణ్ణి. నెలన్నరకి 'అః' దాకా వచ్చాను.

కాస్త లాగినట్టుంటే పర్లేదు. వాపు, వేడి, రాత్రిపూట నొప్పి పెరిగితే మాత్రం ఆపేసి చూపించుకో. డాక్టర్ చెప్పకుండా ఆ కాలి మీద బరువు మోపకు. కాలు కదిలిందని మందులు మానకు, ఎముకల టీబీకి సాధారణంగా 12 నెలలు, ఒక్కోసారి 18 నెలలు కూడా వాడాలి.