రాత్రికి రాత్రి మొక్క మార్చొద్దు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది నర్సరీ పిల్లలకు పర్యావరణం గురించి నువ్వే చెప్పాలన్నారనీ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందనీ రాశావు. నువ్వు వేసిన చార్టుల ఫొటోలూ చూశాను. ఏడుస్తున్న భూగోళం, కరిగిపోతున్న మంచు మీద ఎలుగుబంటి, పొగ కక్కే గొట్టాలు. బొమ్మలు బాగా కుదిరాయి. కానీ వాటిని చుట్ట చుట్టి బీరువా మీద పెట్టెయ్. కోపం తెచ్చుకోకు. ముప్పై ఏళ్లకు పైగా మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లల మధ్యే బతికినదాన్ని. మొదట్లో నేనూ అవే చార్టులు గోడకు తగిలించాను.

ఒకసారి చెట్లు కొట్టేస్తే మనకు గాలి ఉండదని క్లాసులో గట్టిగా చెప్పాను. మర్నాడు ఒక పాప వాళ్లమ్మ వచ్చి, రాత్రంతా పిల్ల నిద్రపోలేదంది. వాళ్ల ఇంటి పక్కన ఎవరో చెట్టు కొమ్మలు కొట్టారట. "అమ్మా, ఇప్పుడు మనం చచ్చిపోతామా?" అని అడుగుతూనే ఉందట. నాకు నోట మాట రాలేదు. నాలుగేళ్ల పిల్లకు వచ్చే ఏడాది అంటేనే అర్థం కాదు, అలాంటిదాని నెత్తిన భూమి మొత్తం బరువు పెట్టాను. అమెరికాలో డేవిడ్ సోబెల్ అనే విద్యావేత్త 1990లలో ఈ సంగతి గురించి రాశారు. ప్రకృతితో చనువు ఏర్పడకముందే దాని కష్టాలన్నీ చెప్పుకొస్తే పిల్లలు దాని దగ్గరకు రావడం మాని భయంతో ముఖం తిప్పుకుంటారని ఆయన వాదన. ఆయన మాటలు నా కంటపడేసరికి నేను ఆ దెబ్బ తినేశాను.

మరి ఏం చెయ్యాలంటావు. ఏమీ చెప్పకు. ఒక్కో పిల్లకు ఒక్కో ప్రాణాన్ని అప్పజెప్పు.

చిక్కుడు గింజతో మొదలుపెట్టు. పెద్ద గింజ, చిన్న వేళ్లకు పట్టుకోవడానికి వీలు. మొలవడానికి వారం, మరీ ఆలస్యమైతే పది రోజులు. అంతకన్నా ఆలస్యమయ్యే గింజ జోలికి పోకు, ఆ వయసుకు అంత ఓపిక ఉండదు. ఒకటి రెండు గింజలను గాజు సీసా అంచుకూ తడి కాగితానికీ మధ్య పెట్టు, లోపల జరిగేది కనిపిస్తుంది. ముందు వేరు వస్తుంది, కిందికి. సీసాను పక్కకు పడుకోబెట్టి చూడు, రెండు మూడు రోజుల్లో ఆ వేరు మళ్లీ కిందికే వంగుతుంది. "దానికి కింద ఎక్కడుందో ఎలా తెలుసు టీచర్?" అని అడుగుతారు. వెంటనే జవాబు చెప్పేయకు. "నాకూ ఆశ్చర్యంగానే ఉంది" అను. ఆ ప్రశ్న వాళ్ల దగ్గర నాలుగు రోజులు ఉండనీ.

మిగతా గింజలు కుండీల్లో. అడుగున చిల్లు తప్పనిసరి. కుండీ మీద పిల్ల పేరు కాకుండా బొమ్మ గుర్తు అంటించు, వాళ్లకు చదవడం రాదు కదా. నీళ్లు పోసే పని పూర్తిగా వాళ్లదే. ఇక్కడ ఒక చిక్కుంది. పిల్లలకు నీళ్లు పోయడమంటే పండగ. పొద్దున పోస్తారు, ఆటయ్యాక పోస్తారు, ఇంటికెళ్తూ పోస్తారు. నా దగ్గర ఎండి చచ్చిన మొక్కలకన్నా నీళ్లెక్కువై చచ్చినవే ఎక్కువ. వేళ్లకు కూడా గాలి కావాలి, మట్టి బురదైతే గాలి ఆడదు, వేరు కుళ్లిపోతుంది. అందుకని "వేలు పరీక్ష" పెట్టాను. చూపుడు వేలు మొదటి కణుపు దాకా మట్టిలోకి దించాలి. తడి తగిలితే ఇవాళ నీళ్లు వద్దు. పొడిగా ఉంటే ఒక చిన్న కప్పు. నాలుగేళ్లవాడు వేలు మట్టిలో పెట్టి, కళ్లు మూసుకుని, డాక్టర్‌లా కాసేపు ఆగి "ఇవాళ దాహం లేదు" అని తేల్చి చెప్పడం చూడాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. ఒక ఏడాది ఒక బాబు మొక్క వాడిపోయింది. వాడు జ్వరంతో మూడు రోజులు రాలేదు, నేనూ చూసుకోలేదు. వాడొస్తే ఏడుస్తాడని భయపడి, ముందురోజు సాయంత్రమే వేరే కుండీలోంచి అంతే ఎత్తున్న మొక్క పీకి అందులో నాటాను. పొద్దున వాడొచ్చాడు, కుండీ ముందు కూర్చున్నాడు, చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరకొచ్చి చిన్నగా అన్నాడు: "ఇది నాది కాదు. నా దానికి ఒక ఆకు చిరిగుంటుంది." నేను అబద్ధం ఆడాను. అదే నాన్నా అన్నాను. వాడు వాదించలేదు. ఆ రోజు నుంచి ఆ మొక్కకు ఒక్క చుక్క నీళ్లు పోయలేదు.

ఆ ఒక్క సంఘటన నాకు నేర్పినంత ఏ ట్రైనింగూ నేర్పలేదు. పిల్లల చేత చేయించే పని నిజమైనది కావాలి. వాళ్లు చేసినా చెయ్యకపోయినా మొక్క పచ్చగానే ఉంటుందంటే అది పని కాదు, నాటకం. నాటకం సంగతి మనకన్నా ముందు వాళ్లే పసిగడతారు. కాబట్టి మొక్క చచ్చిపోతే చచ్చిపోనివ్వు. ఆ ఎండిన మొక్కను అందరూ కలిసి చూడండి, వేరు పీకి చూపించు, ఏమైందో వాళ్లనే అడుగు. ఎవరి తప్పు అనే మాట మాత్రం రానీయకు. ఏడిస్తే ఏడవనీ, పక్కన కూర్చో. తర్వాత ఆ మొక్కను మట్టిలోనే కలిపి, అదే కుండీలో కొత్త గింజ వాళ్ల చేతే వేయించు. వీటి కోసమే నాలుగు గింజలు ఎక్కువ ఉంచుకో.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1840లో తన బడికి 'కిండర్‌గార్టెన్', అంటే పిల్లల తోట, అని పేరు పెట్టినప్పుడు తోట అనే మాటను ఊరికే వాడలేదు. పిల్లలకు తలా ఒక చిన్న మడి ఉండాలన్నాడు, దాంతోపాటు అందరూ కలిసి చూసుకునే మడీ ఉండాలన్నాడు. 1907లో రోమ్‌లో మరియా మాంటిసోరి తెరిచిన పిల్లల ఇంట్లో బొమ్మ సామాన్లకు బదులు నిజమైనవే, చిన్న సైజువి ఇచ్చేవారు. నీ క్లాసులోనూ ప్లాస్టిక్ బొమ్మ పార తీసేసి చిన్నదైనా అసలైన పారే పెట్టు. మూడుసార్లు గుచ్చితే విరిగే పారతో ఎవరికైనా విసుగే వస్తుంది.

పురుగుల సంగతి. నీకు భయమని నాకు తెలుసు, చిన్నప్పుడు గొంగళిపురుగును చూసి కుర్చీ ఎక్కేదానివి. కానీ అక్కడ పిల్లలు పురుగును చూడరు, నీ ముఖం చూస్తారు. నువ్వు అబ్బో అని వెనక్కి గెంతావంటే, ఆ తర్వాత ఎంత చెప్పినా వృథా. పట్టుకోలేకపోతే పట్టుకోకు, దూరంగా నిలబడే "నాకు కొంచెం భయం, కానీ చూడాలనుంది" అను. అది అబద్ధం కాదు కదా. వానపామును చూపిస్తే ముందు పిల్లల చేతులు తడిపించు. అది చర్మంతోనే ఊపిరి పీల్చుకుంటుంది, ఆ చర్మం ఆరిపోతే బతకదు. రెండు నిమిషాలు చూసి, తీసిన చోటే వదిలెయ్యాలి.

చీమలను తొక్కే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. "పాపం" అంటూ కేకలెయ్యకు. నేను చేసేదల్లా ఆ పిల్లాణ్ణి పిలిచి, గోడవార రెండు పలుకుల పంచదార వెయ్యమనడం. ఒక చీమ వస్తుంది, పోతుంది, కాసేపటికి బారు కడతాయి. అప్పుడు ఆ బారుకు అడ్డంగా వేలితో నేల మీద ఒక్కసారి తుడవమను. చీమలు అక్కడిదాకా వచ్చి ఆగిపోతాయి, అటూ ఇటూ తడుముకుంటాయి. అవి దారిలో వాసన వదులుకుంటూ వెళ్తాయి, వెనకవి ఆ వాసన పట్టుకునే వస్తాయి, వేలితో మనం ఆ దారిని చెరిపేశాం. కాసేపట్లో ఏదో ఒకటి అవతలికి దాటుతుంది, బారు మళ్లీ కలుస్తుంది. నా దగ్గర రోజూ చీమలను నలిపే ఒక పిడుగు ఇది చూసి అరగంట బోర్లా పడుకుని లేవలేదు. మర్నాడు ఎవరో అటు నడుస్తుంటే వాడే రెండు చేతులూ అడ్డం పెట్టి ట్రాఫిక్ ఆపాడు!

చెత్త గురించి ఒకటే చెప్తాను. ఒక రాలిన ఆకు, ఒక పండు తొక్క, ఒక కాగితం ముక్క, ఒక ప్లాస్టిక్ కవరు ముక్క, నాలుగూ పక్కపక్కనే పాతిపెట్టి పుల్లలు గుచ్చండి. నేల తడిగా ఉంచండి. ఒకటి రెండు నెలలయ్యాక తవ్వండి. తొక్క కనిపించదు, ఆకు చీలికలుగా ఉంటుంది, కాగితం మెత్తబడి చిరుగుతుంది, ప్లాస్టిక్ మాత్రం కడిగితే కొత్తదే. ఉపన్యాసం అక్కర్లేదు. నీళ్ల విషయంలోనూ అంతే, కారే కుళాయి కింద గిన్నె పెట్టు, అది నిండితే కుండీలకు పొయ్యనీ.

జాగ్రత్తలు కొన్ని. ఒక పిల్ల గింజను ముక్కులో పెట్టుకుంది. నేను గమనించేసరికి గంటైంది, తడికి అది ఉబ్బింది, డాక్టర్ దగ్గరకు పరుగెత్తాం. ఆ గంట ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటినుంచి గింజలు లెక్కపెట్టి ఇచ్చి, నాటాక మళ్లీ లెక్కపెడతాను. నువ్వూ అంతే చెయ్. మట్టి పనయ్యాక సబ్బుతో చేతులు కడిగించు. బకెట్లో నీళ్లు నిలవ ఉంచి పక్కకు వెళ్లొద్దు, కొద్దిపాటి నీళ్లయినా చిన్నపిల్లలకు ప్రమాదమే. ఆవరణలో గన్నేరు, ఉమ్మెత్త ఉన్నాయేమో ముందే చూసుకో, రెండూ విషమే. అడగకుండా ఏ ఆకూ నోట్లో పెట్టకూడదన్న రూల్ మొదటి రోజే పెట్టు.

జూన్ 5న, పర్యావరణ దినోత్సవానికి, కార్యక్రమం చెయ్యమని పైనుంచి తప్పకుండా అడుగుతారు. ఆకుపచ్చ బట్టలు, ఎండలో ప్లకార్డులు, రాని నినాదాలు. నీ వంతుగా ఒప్పించగలిగితే, ఆ రోజు తల్లిదండ్రులను పిలిచి పిల్లల చేతే కుండీలు చూపించు. కుదరకపోతే వాళ్లడిగింది ఒక గంటలో కానిచ్చి తోటలోకి వచ్చెయ్, దానికోసం గొడవపడకు. ఇంకో మాట, ఇంట్లో అమ్మానాన్నల మీద నిఘా పెట్టమని పిల్లలకు నేర్పకు. "మా నాన్న లైటు ఆర్పలేదు" అని ఫిర్యాదు మోసుకొచ్చే పిల్లను చూస్తే నాకు ముద్దు రాదు, జాలేస్తుంది.

సెలవులు వచ్చేముందు కుండీలు ఇళ్లకు పంపేయాలి, మర్చిపోకు. ఇక గింజలు ఇవాళ రాత్రే నానబెట్టు. ఇరవై మంది పిల్లలైతే నలభై గింజలు నానెయ్. కొన్ని మొలవవు, కొన్ని నీళ్లెక్కువై పోతాయి, ఎంత లెక్కపెట్టినా రెండు మూడు జేబుల్లో ఇళ్లకు వెళ్లిపోతాయి.

ఆశీస్సులతో,
మీ పిన్ని