పాత బర్రెల కొట్టాన్ని కోళ్ల గూడుగా మార్చొచ్చా?

ప్రశ్న: పరకాల దగ్గర ఊళ్లో మా ఇంటి వెనక బర్రెల కొట్టం ఖాళీగా పడి ఉంది. పది నాటుకోళ్లు పెంచుదామని ఉంది. దాన్నే మార్చుకోవచ్చా, రెడీమేడ్ గూడు కొనాలా?

కొనకండి అన్నా. హసన్‌పర్తి దగ్గర మాదీ అలాంటి కొట్టమే. బర్రెలను అమ్మేశాక కొన్నేళ్లు పాత సామాను పడేసుకున్నాం, తర్వాత కోళ్లకిచ్చాం. అందులో నేను చేసిన రెండు తప్పులు మీరు చేయకుంటే చాలు.

మొదటిది తూము. కొట్టం కడిగిన నీళ్లు పోవడానికి గోడ అడుగున ఒక కంత ఉంటుంది కదా. తలుపుకు కొత్త గొళ్లెం, తాళం అన్నీ పెట్టించి ఆ కంత సంగతే మరిచిపోయాను. వారం తిరక్కుండా ముంగిస అందులోంచే దూరింది. తెల్లారి తలుపు తీస్తే నాలుగు పెట్టలు మెడ కొరికేసి ఉన్నాయి, ఒక్కటీ ఎత్తుకుపోలేదు. అందుకే ముందు మధ్యాహ్నం ఎండలో లోపలికెళ్లి తలుపేసుకోండి. వెలుతురు ఎక్కడినుంచి వస్తుందో అవన్నీ మూయాల్సిన కంతలే. షాపులో కోళ్ల జాలి అని ఇచ్చే పెద్ద కంతల పల్చటి జాలి కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కను, పిల్లిని బయట ఆపదు. అర అంగుళం గళ్ల వెల్డెడ్ జాలి తెచ్చుకోండి. మాకు ఖర్చంతా దానికే అయింది.

రెండోది ఆ భయంతో చేసిందే. కొట్టం తెరిచి ఉన్న పక్కంతా రేకులు కొట్టించాను. వానాకాలం వచ్చేసరికి పొద్దున తలుపు తీస్తే కళ్లు మండేవి. తడిసిన పెంటలోంచి వచ్చే అమ్మోనియా అది. కోళ్లు తుమ్మడం, గురగురమనడం మొదలైంది. పశువుల డాక్టరును మందు అడిగితే, ముందు రేకులు పీకెయ్యమన్నాడు. ఇప్పుడు కింద రెండడుగుల గోడ, ఆపైన కప్పుదాకా జాలి. జల్లు కొట్టే వైపు యూరియా సంచులు కుట్టి పరదాలా వేలాడదీశాం, వాన వెలిసాక ఎత్తి కట్టేస్తాం. మన దగ్గర చలికన్నా మే నెల ఎండే కోడికి గండం. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి ఒగర్చడమే. గూన పెంకులుంటే అస్సలు తీయకండి, రేకుకన్నా చల్లన. కాకపోతే పెంకుల సందుల్లోంచి పాములు, ఎలుకలు దిగుతాయి, వాసాల కింద కూడా జాలి కొట్టండి.

పది కోళ్లకు కొట్టమంతా అక్కర్లేదు. రాత్రి పడుకోవడానికి ఒక్కోదానికి రెండు చదరపు అడుగులు చాలు. ఓ మూల అడ్డం కట్టి, మిగతాది వానరోజుల్లో తిరగడానికి వదిలేయండి. బండల మీద రెండు మూడు అంగుళాలు ఊక పోసి, తడిసినచోట తీసి మార్చుతూ ఉండండి.

గడ్డి వేసే గాడి ఉంటే పగలగొట్టకండి! అడ్డంగా పలకలు పెట్టి మేం మూడు గుడ్ల గూళ్లు చేసుకున్నాం. అయితే కోడి రాత్రిపూట ఎత్తైన చోటే వెతుక్కుంటుంది. కోళ్లు ఎక్కి పడుకోవడానికి మేం కట్టిన వెదురు కర్ర గాడికన్నా కిందికి ఉండడంతో అన్నీ గాడిలోనే పడుకుని గుడ్లన్నీ పెంట పాలు చేశాయి. కర్రను గాడికి పైన కట్టాక కుదురుకున్నాయి.

పాత గోడ పగుళ్లలో పిడుదులు పగలు దాక్కుని రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టాకే కోళ్లను దించండి. కోడిపిల్లలను తెస్తే మొదటి వారంలోనే కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు వేయించండి, ఆ తెగులు వస్తే గూడు ఎంత బాగున్నా ఏమీ మిగలదు. దానా రాత్రి లోపల ఉంచొద్దు. ఎలుకలొస్తాయి, వాటి వెనకే పాము.

తెచ్చిన కొత్తలో నాలుగైదు రోజులు బయటికి వదలకండి. ఆ తర్వాత పొద్దుగూకేసరికి వాటంతటవే గూటికి చేరతాయి. మా పుంజు ఒకటి మాత్రం ఇప్పటికీ వేపచెట్టే ఎక్కుతుంది. మేడారం జాతర దగ్గరపడితే చుట్టాల కళ్లన్నీ దానిమీదే, పట్టుకోవడం మాత్రం ఎవరివల్లా కావడం లేదు.