చందమామను ‘రావే’ అని పిలవవచ్చా?

ప్రశ్న: మా మనవడికి నేర్పుదామని నా చిన్నప్పటి పాటలు, పద్యాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. రాస్తుంటే అమ్మ గొంతు చెవిలో వినిపిస్తోంది. దాంతోపాటు సందేహాలూ వస్తున్నాయి. ‘చందమామ రావే’ అంటాం కదా, మామను పట్టుకుని ‘రావే’ అనడం ఏమిటి, ‘రావయ్యా’ అనాలి కదా అని మా కోడలు అడిగింది. ‘చేత వెన్నముద్ద’ పద్యంలో మా అమ్మ ‘బంగరు మొలతాడు’ అనేది. ఇప్పుడు వీడియోల్లో ‘బంగారు’ అని వినిపిస్తోంది. ‘బుర్రుపిట్ట’, ‘కాళ్ళాగజ్జ’ పాటలైతే ఒక్కొక్కరు ఒక్కోలా పాడుతున్నారు. అమ్మ పాడినట్టు కాకుండా వేరేలా వింటే మనసుకు కష్టంగా ఉంటోంది. వీటిలో ఏది సరైనది? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ కోడలి సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది చాలామందికి వచ్చేదే. ఈరోజు మన మాటల్లో ‘రావే’ అంటే చెల్లెలినో కూతురినో స్నేహితురాలినో పిలిచినట్టు. అబ్బాయిలనైతే ‘రారా’ అంటాం. ఈ తేడా వాడుకలో గట్టిగా స్థిరపడిపోయింది కాబట్టి పాటలోని ‘రావే’ ఇప్పటివాళ్ళ చెవికి తేడాగా తగులుతుంది. పాత తెలుగులో మాత్రం ఈ ‘ఏ’ ఆడవాళ్ళకే పరిమితం కాదు. పోతన భాగవతంలో మొసలికి చిక్కి, బలమంతా ఉడిగిపోయిన గజేంద్రుడు ‘రావే యీశ్వర, కావవే వరద’ అని మొరపెట్టుకున్నాడు. పిలిచింది విష్ణువును. ఆ ‘రావే’లో ఉన్నది ‘రావా స్వామీ’ అనే వేడుకోలు. ఆడా మగా అన్న లెక్క అందులో లేదు.

పోతన ఉన్న 15వ శతాబ్దంలోనే అన్నమయ్య ‘చందమామ రావో జాబిల్లి రావో, మంచి కుందనపు పైడికోర వెన్నపాలు తేవో’ అని పాడాడు. ఆయన ‘ఓ’ వాడాడు, మన ఇళ్ళలో ‘ఏ’ నిలిచింది. రెండూ చేసే పని ఒకటే. ‘రా’ అంటే ఆజ్ఞ, ‘రావే’, ‘రావో’ అంటే బతిమాలడం. చంటిపిల్లకు నోట్లో ముద్ద పెట్టాలని ఆకాశం వైపు చెయ్యి చాపిన తల్లికి కావలసింది బతిమాలే మాటే. ‘రావయ్యా’ అని దిద్దితే మర్యాద వస్తుందేమో గానీ ఆ పిలుపులోని గారాబం పోతుంది. కాబట్టి ‘రావే’ అనే రాసుకోండి. మామకు ఏ అవమానమూ లేదు.

ఇక ఏది సరైనది అన్న పెద్ద ప్రశ్న. మీరు రాసుకుంటున్నవాటిలో రెండు జాతులు కలిసి ఉన్నాయి. కొన్ని పద్యాలు, కొన్ని పాటలు. పద్యానికి ఛందస్సు, అంటే అక్షరాల కొలత, ఉంది కాబట్టి సరైనదేదో అదే చెప్పేస్తుంది. పాటను అలా తేల్చలేం, నోటినోటికీ మారుతుంది. అయితే అక్కడ కూడా ఏది పడితే అది చెల్లదు. ఈ తేడా తెలియక చాలామంది పద్యాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చేస్తారు, పాట దగ్గర మాత్రం ‘అసలు పాఠం’ కోసం గొడవపడతారు.

ముందు పద్యం. ‘చేత వెన్నముద్ద’ అచ్చమైన ఆటవెలది అనే రకం పద్యం. ఆటవెలదిలో రెండో పాదానికి ఐదు సూర్యగణాలు ఉండాలి. గణం అంటే అక్షరాల గుంపు. పలకడానికి రెండు మాత్రల (రెప్పపాట్ల) కాలం పట్టే అక్షరం గురువు, ఒక మాత్ర పట్టేది లఘువు. సూర్యగణం అంటే ఒక గురువు, ఒక లఘువు ఉన్న గలమైనా కావాలి, మూడు లఘువుల నగణమైనా కావాలి. మీ అమ్మగారు చెప్పిన పాదాన్ని విడదీసి చూడండి: బంగ, రుమొల, తాడు, పట్టు, దట్టి. ‘రుమొల’ నగణం, తక్కిన నాలుగూ గలాలు. మొదటి అక్షరం ‘బం’కీ నాలుగో గణంలోని ‘ప’కీ యతి, అంటే పాదం మొదటి అక్షరంతో లోపలి అక్షరానికి ఉండాల్సిన పొత్తు, కూడా కుదిరింది. అదే ‘బంగారు’ అంటే మొదట్లోనే ‘బం’, ‘గా’ అని రెండు గురువులు వరుసగా వచ్చిపడతాయి. సూర్యగణంలో దానికి చోటు లేదు. పాదం అక్కడే కుంటుతుంది. ‘బంగరు’ అన్న రూపం కూడా మన భాషలో చక్కగా ఉంది. మీ అమ్మగారు ఛందస్సు చదువుకున్నారో లేదో గానీ ఆవిడ చెవి తప్పు చెప్పలేదు. మనవడికి నిస్సంకోచంగా ‘బంగరు మొలతాడు’ అని నేర్పండి.

అదే పద్యంలో మరో మాట కూడా చెప్పనివ్వండి. ‘సందె తాయెతులు’ అన్నచోట సాయంసంధ్య అనుకునేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ సంది అంటే చెయ్యి. చేతి దండకు కట్టే తాయెత్తులు అవి. ‘పట్టుదట్టి’ నడుముకు చుట్టే పట్టుగుడ్డ. ఇవేవీ తెలియకుండానే మనమంతా ఈ పద్యాన్ని అప్పజెప్పాం, కృష్ణుణ్ణి కళ్ళారా చూశాం.

మీరు చెప్పిన మనసు కష్టానికి కారణం కూడా నా ఉద్దేశంలో ఇక్కడే ఉంది. పిల్లలకు అర్థం కంటే ముందు శబ్దం అందుతుంది. ఎక్కడ గొంతు లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఏ అక్షరం మీద అమ్మ బుగ్గ గిల్లిందో అవన్నీ కలిసి ఒకటిగా లోపల పడిపోతాయి. అర్థం మారితే బుద్ధి సర్దుకుంటుంది, ‘సరే, ఇలా కూడా అనవచ్చు’ అంటుంది. శబ్దం మారితే మాత్రం అమ్మ గొంతే మారినట్టు ఉంటుంది. అందుకని మీ బాధను చాదస్తం అనుకోకండి. అది ఆ పాట మీకు ఎంత లోతుగా అందిందో చెబుతోంది. కాకపోతే ఇంకొకరి ఇంట్లో ఇంకో అమ్మ గొంతు ఉంటుంది, వాళ్ళకూ ఇదే బాధ ఉంటుంది. పాటల దగ్గర ఈ మాట గుర్తుంచుకోవాలి.

పాటలో ఏది చెల్లుతుందో చందమామ పాటే నేర్పుతుంది. కొండెక్కి వస్తే గోగుపూలు తేవాలి. బండెక్కి వస్తే బంతిపూలు. తేరు మీద వస్తే తేనెపట్టు. పల్లకిలో వస్తే పంచదార. ఎలా వస్తాడన్నదాన్ని బట్టి ఏం తెస్తాడన్నది తేలిపోతోంది. తేల్చేది శబ్దమే. ‘కొం’కీ ‘గో’కీ ఉన్న సంబంధం కవులు పద్యాల్లో పాటించే యతిమైత్రే. ‘క’, ‘గ’ ఒకే వర్గం అక్షరాలు కాబట్టి యతికి చెల్లుతాయి. ఏ లక్షణగ్రంథమూ చదవని తల్లులు పాట కట్టుకుంటూ దీన్ని పాటించారు. నాకు ఈ పాటలో అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఇదే. మీ ఊళ్ళో మరో బండి, మరో కానుక ఉంటే ఉండనివ్వండి, రెంటి మొదటి అక్షరాలూ కలిస్తే అది కూడా సరైన పాటే. ‘కొండెక్కి రావే మల్లెపూలు తేవే’ అని ఎవరైనా పాడితే మాత్రం వాళ్ళు మరచిపోయి పూరించారని అర్థం.

బుర్రుపిట్ట పాటలో చిక్కు వేరు. పడమటింటి కాపురం ‘చేయనన్నది’, అత్త తెచ్చిన కొత్తచీర ‘కట్టనన్నది’, మామ తెచ్చిన మల్లెమొగ్గ ‘ముడవనన్నది’. చివరికి వచ్చేసరికి మొగుని చేత మొట్టికాయ ‘తింటనన్నది’. అన్నిటికీ తోక ఒకటే, ‘నన్నది’. కానీ మొదటి మూడూ చేయను, కట్టను, ముడవను అనే వ్యతిరేకార్థాలు. నాలుగోది ‘తింటాను’ అనే ఒప్పుకోలు. మూడుసార్లు కాదన్న గొంతుతోనే నాలుగోసారి ఔనంటోంది. పిల్లలకు ఆ తమాషా శబ్దంలో కలిసిపోతుంది, అర్థం దాకా వెళ్ళరు. పెద్దయ్యాక మళ్ళీ చదివితే ఒక చిన్నపిల్ల అత్తింటికి వెళ్ళనని మొరాయించడం, దెబ్బ తినడం కనిపిస్తాయి. పాత పాటలు తిరగేసినప్పుడు సంతోషంతోపాటు ఇలాంటి ఉలికిపాటూ వస్తుంది. అది సహజమే.

మనవడికి ఇది ఎలా నేర్పాలి అంటే, నా అభిప్రాయం చెబుతాను. ‘మొట్టికాయ తిననన్నది’ అని పాడండి. ఒక మాత్ర తగ్గుతుంది, ‘తీ’ అని కాస్త సాగదీస్తే లయ సరిపోతుంది. నాలుగు పాదాలూ కాదనడంతో వరుస ఇంకా చక్కగా కుదురుతుంది, పిట్ట కూడా దెబ్బ తినకుండా తుర్రుమంటుంది. నోటి పాటకు ఈ స్వేచ్ఛ ఉంది. కానీ నోటుబుక్కులో మాత్రం మీ అమ్మగారు పాడినట్టే రాసి, పక్కన మీ మార్పు రాయండి. పాతదాన్ని చెరిపేస్తే ఆ పాటలో దాగిన ఆనాటి ఆడపిల్ల గోడు కూడా చెరిగిపోతుంది.

‘కాళ్ళాగజ్జ కంకాళమ్మ’ గురించి క్లుప్తంగా. ఇది గజ్జికి చెప్పిన వైద్యమని, అందులోని మాటలన్నీ మందుమొక్కలని ఒక ప్రచారం ఉంది. నేను ఒప్పుకోను. పిల్లలు కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఒక్కో కాలూ తాకుతూ లెక్కపెట్టే ఆట అది. చివరి మాట ఎవరి కాలి మీద పడితే వాళ్ళు ఆ కాలు ముడుచుకోవాలి. ‘మొగ్గా కాదు మోదుగనీడ, నీడా కాదు నిమ్మలబావి’ అని వదిలిన మాటను మళ్ళీ పట్టుకుంటూ పోతుంది. కావ్యాల్లో దీన్నే ముక్తపదగ్రస్తం అంటారు. మాటకు మాట తగులుకుంటూ పోవడమే దాని అందం, మందులజాబితాగా చదివితే ఆ గొలుసు తెగిపోతుంది. మొగ్గ, మోదుగ, నీడ, నిమ్మల అని మొదటి అక్షరాలు కలుస్తున్నంతవరకు మీ పాఠమూ పక్కింటివారి పాఠమూ రెండూ నిలుస్తాయి.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పలికినట్టే రాయండి. ‘కట్టనన్నది’ని ‘కట్టను అన్నది’ అని విడగొడితే పిల్లవాడు చదివేటప్పుడు లయ పోతుంది. ‘కొండెక్కి’ని ‘కొండ ఎక్కి’ అని దిద్దకండి. ప్రతి పాట కిందా అది ఎవరి నోట విన్నారో, వారిది ఏ ఊరో ఒక ముక్క రాసిపెట్టండి. పాఠాలు ఎక్కడెక్కడ ఎలా మారాయో తెలుసుకోవడానికి భాషను పరిశీలించేవారికి అంతకంటే పనికొచ్చే సమాచారం ఉండదు.