డ్రిల్లు పట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి,

రూట్‌కెనాల్ చికిత్సలు ఇక సొంతంగా మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. వెంటనే బెంగ కూడా పట్టుకుంది. పని నీ చేతికి అదే వస్తుంది. ఏ పంటికి చేయాలో తేల్చడం దగ్గరే నా భయమంతా.

చల్లదనానికి జివ్వుమని, తీసేయగానే తగ్గిపోతే పంటి లోపల నరాలుండే గుజ్జు కోలుకుంటుంది. అర నిమిషం దాటినా సలుపు ఆగకపోయినా, ఏమీ తగలకుండానే రాత్రిపూట నిద్రలేపినా కోలుకోదు. ఇదంతా నువ్వు చదువుకున్నదే.

ఒకావిడ నా దగ్గరకు వచ్చేసరికే కుడివైపు పై దవడలో రెండు పళ్లకు రూట్‌కెనాల్ అయిపోయింది. నొప్పి మాత్రం అలాగే ఉంది. ఆమె పై పన్నునే చూపించింది, ముందు చూసిన వైద్యుడు ఆ వేలినే నమ్మాడు. ఆమె తప్పేమీ లేదు. గుజ్జుకు నొప్పి తెలుస్తుంది గానీ చోటు తెలియదు. వాపు వేరు చుట్టూ ఉన్న పొరకు పాకాకే, తట్టి చూస్తే ‘ఈ పన్నే’ అని రోగి కచ్చితంగా చెప్పగలరు. అంతవరకు కింది పంటి నొప్పి పై దవడలో ఉన్నట్టు అనిపించవచ్చు.

ముందు ఎడమవైపు మంచి పళ్లకు చల్లటి దూది పెట్టాను, ఆమెకు మామూలు స్పందన ఎంతో తెలియడానికి. తర్వాత కుడివైపు పైవి, కిందివి వరసగా చూశాను. కింద, పాత ఫిల్లింగ్ ఉన్న రెండో దవడపన్ను దగ్గర ఒక్క క్షణం ఏమీ లేదు. మరుక్షణం కుర్చీ చేయి గట్టిగా పట్టుకుని ‘ఇదే, ఇదే నొప్పి’ అంది. దూది తీశాక కూడా చాలాసేపు తగ్గలేదు. కింది దవడకు మత్తిస్తే పై నొప్పి కూడా పూర్తిగా పోయింది. రూట్‌కెనాల్‌లో ఆ రెండు పై పళ్లలోంచి తీసేసిన గుజ్జును మాత్రం ఎవరు తిరిగి పెట్టగలరు? తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే చెబుతున్నాను, రోగి చెప్పిన నొప్పిని నీ పరీక్షలో మళ్లీ పుట్టించేవరకు డ్రిల్లు ముట్టుకోకు. నీకు మొహమాటం ఎక్కువ. చిన్నప్పుడు పక్కవాళ్లు ఏడిస్తే నువ్వూ ఏడ్చేదానివి. ‘ఏదో ఒకటి చేయండి’ అని ఎవరైనా బతిమాలితే కరిగిపోతావు. నొప్పి తగ్గడానికి మందివ్వు, మళ్లీ రమ్మను. అది చేతకానితనం కాదమ్మా.

ఎక్స్‌రేను ఒక్కదాన్నే నమ్మకు. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోతేగానీ నల్లమచ్చ కనిపించదంటారు. మచ్చ కనిపించినంత మాత్రాన జబ్బూ కాదు. కింది చిన్న దవడపళ్ల దగ్గర నరం బయటికొచ్చే రంధ్రం కూడా అలాగే ఉంటుంది. కింది ముందుపళ్ల వేర్ల కొసల్లో మచ్చలుండి, చల్లదనానికి పళ్లు మామూలుగా స్పందిస్తుంటే వాటి జోలికి వెళ్లకు. దెబ్బ తగిలిన పన్ను కొన్ని వారాలు పలకకపోవచ్చు, తొందరపడి చచ్చిపోయిందనకు. పళ్లలో ఏ కారణమూ దొరక్క, నడిస్తే దవడ లాగుతోందని ఎవరైనా అంటే వెంటనే గుండె వైద్యుడి దగ్గరకు పంపు.

తేలని కేసు వస్తే ఏ పన్ను ఎలా స్పందించిందో రాసి, ఎక్స్‌రేతో పాటు నాకు పంపించు. పక్క పళ్లవీ రాయి, లేకపోతే తిరిగి అడుగుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న