మూడు కాళ్ల కుక్కకు ముందు కావలసింది జారని నేల

లారీ గుద్దడం వల్ల మీ రెండేళ్ల మగకుక్కకు వెనక కాలు తొడ దగ్గర తీసేయవలసి వచ్చిందనీ, ఎల్లుండి ఇంటికి తెచ్చుకుంటున్నారనీ, ఇంట్లో అన్ని గదుల్లోనూ టైల్సే ఉన్నాయనీ రాశారు. ఇంట్లో ఎలా చూసుకోవాలి, ఎన్నాళ్లకు మామూలుగా తిరుగుతుంది, ఇలా బతికించడం దానికి హింస కాదా అని మూడు ప్రశ్నలు అడిగారు. మా ఇంట్లో మల్లి అనే నాటుకుక్కకు ముందరి ఎడమ కాలిని భుజపుటెముకతో సహా తీసేశారు. బండి తగిలినప్పుడు భుజం దగ్గరి నరాల గుంపు వెన్ను దగ్గర తెగిపోవడంతో ఆ కాలికి స్పర్శ పోయి, పంజా పైభాగం నేలకు రాసుకుని పుండు పడుతూ ఉండేది. అలాంటి కాలు ఉండటం కంటే తీసేయడమే మేలని డాక్టరుగారు చెప్పారు. నేను రాసేదంతా ఆ అనుభవంతోనూ, ఆ డాక్టరుగారిని విసుగు పుట్టేదాకా అడిగి తెలుసుకున్న సంగతులతోనూ రాస్తున్నాను.

మీ మూడో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలకపోతే మిగతావేవీ మనసు పెట్టి చేయలేరు. హింస కాదు. కుక్క నిలబడినప్పుడు దాని బరువులో దాదాపు అరవై శాతం ముందుకాళ్ల మీద, నలభై శాతం వెనక కాళ్ల మీద పడుతుంది. అందుకే ముందుకాలు పోయిన కుక్క కంటే వెనక కాలు పోయిన కుక్క తేలికగా సర్దుకుంటుంది. మా మల్లికి కష్టమైన కాలే పోయింది. అయినా ఇప్పుడు గేటు దగ్గర పాలబ్బాయి సైకిల్ చప్పుడు వినగానే అందరికంటే ముందు చేరేది అదే. మా వీధిలో కొందరు పెద్దలు దాన్ని చూసి "పాపం, ఒక సూది వేయించేస్తే బాధ తీరిపోయేది కదమ్మా" అన్నారు. వారి జాలిని తప్పు పట్టను గానీ, కాలు లేదన్న దిగులు మనది తప్ప కుక్కది కాదు. దానికి తెలిసేది రెండే: నొప్పి ఉందా లేదా, లేచి నిలబడితే జారుతుందా లేదా. మీరు పని చేయవలసింది కూడా ఈ రెండింటి మీదే.

నేల సంగతి ఎల్లుండికి ముందే చూసుకోండి. నాలుగు కాళ్లున్నప్పుడు టైల్స్ మీద ఒక కాలు జారినా మిగతా మూడూ ఆపుతాయి. ఇప్పుడు ఆ ఒక్క వెనక కాలు పక్కకు జారిందంటే నడుము ధన్‌మని నేలకు తగులుతుంది, పచ్చి కుట్ల మీద ఆ దెబ్బ పడుతుంది. ఒకసారి అలా పడ్డ కుక్క తర్వాత లేవడానికే భయపడుతుంది. గోళ్లు బిగించి, పంజా వేళ్లు విడదీసి, ఒళ్లంతా వణుకుతూ నిలబడిపోతుంది. అది నొప్పి వల్లనేమో అనిపిస్తుంది కానీ, అదే కుక్కను మట్టి నేల మీదకు తీసుకెళితే చక్కగా నడుస్తుంది. ఇల్లంతా పరచాల్సిన పని లేదు. పడక దగ్గర నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి వీధి తలుపు దాకా ఒక దారిలాగా వేస్తే చాలు. అడుగున రబ్బరు ఉన్న చాపలు అన్నిటికంటే మంచివి. పాత యోగా మ్యాట్లు ఉంటే వాటిని పక్కపక్కన పరచి, అంచులకు అడుగున రెండు వైపులా అంటుకునే టేపు వేయండి. దుప్పట్లు, గోనెపట్టాలు, మామూలు తివాచీలు వేయకండి. నున్నటి టైల్స్ మీద అవే జారతాయి, కుక్కను కూడా తీసుకుపోతాయి. తడిగుడ్డ పెట్టిన వెంటనే, నేల ఆరేదాకా దాన్ని పడక దగ్గరే ఉంచండి. గోళ్లు పెరిగి ఉంటే ఆసుపత్రిలోనే కత్తిరించమనండి, పంజా మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కూడా తీయించండి, ఎందుకంటే నేలను పట్టుకునేది ఆ మెత్తలే.

పడకకు మందపాటి ఫోమ్ పరుపు వద్దు. అందులో దిగబడిపోతే ఒక్క వెనక కాలితో లేవలేదు. పాత దూది పరుపును గట్టిగా మడిచి, మీద ఉతికిన దుప్పటి వేసి, దుప్పటిని రోజూ మార్చండి. మంచం, సోఫా ఎక్కే అలవాటు ఉంటే మొదటి నెల ఆ గదుల తలుపులు మూసే ఉంచండి. ఎక్కడం ఒక ఎత్తు, దూకడం ఒక ఎత్తు. మెట్లకు అడ్డంగా ఏదైనా పలక పెట్టండి. గడప ఎత్తుగా ఉంటే అక్కడ మాత్రం మీ చేయి ఉండాలి.

చేయి అంటే కుక్కను ఎత్తుకోవడమని కాదు. పొడవాటి తువ్వాలును పొట్ట కింద నుంచి, వెనక కాలికి కాస్త ముందుగా తీసి, రెండు కొసలూ వీపు మీద కలిపి పట్టుకోండి. మీది మగకుక్క కాబట్టి తువ్వాలు మూత్రాంగం మీద నొక్కకుండా చూసుకోవాలి; నొక్కితే మూత్రం పోయడానికి మొరాయిస్తుంది. బరువంతా మీరు మోయకుండా, తువ్వాలును కొంచెం వదులుగా ఉంచి, జారినప్పుడు మాత్రం ఆపేలా పట్టుకోండి. ఈ విషయంలో మన ప్రేమ దానికి అడ్డం పడుతుంది. ప్రతిసారీ ఎత్తుకుని బయటికి తీసుకెళితే, మిగిలిన కాలును శరీరం మధ్యకు తెచ్చి వేసుకోవడం, తోకతో తూకం చూసుకోవడం దానికి అలవాటు కావు. చాలా కుక్కలు ఆపరేషన్ అయిన రోజో మర్నాడో లేచి నిలబడతాయి. మల్లి అయితే మేం ఎవరమూ చూడనప్పుడు లేచింది; తలను ఒక్కసారి పైకి ఎగరేసి, ఆ ఊపుతో ముందుకు గెంతింది. ముందుకాలు లేని కుక్కలన్నీ తలతోనే ఆ ఊపు తెచ్చుకుంటాయి. మీవాడు వెనక కాలితో కుందేలులా గెంతుతాడు, అది చూడటానికి ఇంకా తేలికగా ఉంటుంది.

మొదటి రాత్రి గురించి ముందే చెప్పాలి. మత్తుమందు, బలమైన నొప్పి మందుల ప్రభావం దిగేటప్పుడు కొన్ని కుక్కలు ఎవరినీ గుర్తుపట్టనట్టు చూస్తూ మూలుగుతాయి. అదంతా నొప్పి కానక్కర్లేదు. గదిలో దీపం తగ్గించి, ఒకరు పక్కన కూర్చుంటే చాలు. ఆ రోజు అన్నం ముట్టకపోవచ్చు. మూత్రం మాత్రం ఒక రోజులోపు పోయాలి. మలవిసర్జన మూడు నాలుగు రోజులు ఆలస్యమైనా కంగారు పడనక్కర్లేదు.

అసలు జాగ్రత్త నొప్పి దగ్గర కావాలి, ఎందుకంటే కుక్క తన నొప్పిని దాచుకుంటుంది. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోకండి. ఎండ లేకపోయినా రొప్పడం, పడుకోవడానికి తిరిగి తిరిగి చోటు మార్చుకోవడం, చెవులు వెనక్కి పెట్టి కళ్లు చిట్లించడం, ముట్టుకోబోతే ఒళ్లు బిగించడం, ఇష్టమైన తిండి పెట్టినా ముఖం తిప్పుకోవడం, ఇవే దాని భాష. సాధారణంగా మెలాక్సికామ్ వంటి వాపు తగ్గించే మందు, దానితోపాటు నరాల నొప్పికి గబాపెంటిన్ రాస్తారు. మొదటిది తిండి పెట్టిన తర్వాతే ఇవ్వాలి. వాంతులు పట్టుకున్నా, మలం తారులాగా నల్లగా వచ్చినా వెంటనే ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. రెండోది కుక్కను మగతగా ఉంచుతుంది, దానికి భయపడి మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయవద్దు. మందుల వేళలు గోడ మీద రాసి పెట్టుకుని, నొప్పి వచ్చాక కాకుండా రాకముందే వేయండి. మెడికల్ షాపులో అడిగి మనుషుల మాత్రలు మాత్రం తేకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునూ కిడ్నీలనూ పాడు చేస్తాయి. పారాసెటమాల్ కూడా డాక్టరు చెప్పకుండా ఇచ్చేది కాదు.

ఇంకొక విచిత్రం కూడా ఉంది. హాయిగా నిద్రపోతున్న కుక్క ఉన్నట్టుండి కీచుమని లేచి, కాలు ఉండాల్సిన చోటు వైపు తిరిగి చూస్తుంది. తెగిన నరాలు ఇంకా లేని కాలు కబురు మోస్తూ ఉండటం వల్ల ఇలా అవుతుందంటారు. మల్లికి ఇది కొన్నాళ్లు జరిగి, రానురాను తగ్గిపోయింది. తరచుగా జరుగుతుంటే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. గబాపెంటిన్ మోతాదు సర్దడానికి అది పనికొస్తుంది.

గాయాన్ని చూసి మాత్రం గుండె చిక్కబట్టుకోవాలి. వెంట్రుకలన్నీ గొరిగేసి, పొడవాటి కుట్ల వరస, చుట్టూ ఊదారంగు కమిలిన మచ్చ కనిపిస్తాయి. ఆ మచ్చ రెండు మూడు రోజుల్లో పొట్ట వైపు కిందికి జారుతుంది, అది మామూలే. కుట్ల కింది భాగంలో నీళ్ల సంచిలాగా మెత్తటి ఉబ్బు వస్తే అది చాలావరకు లోపల చేరిన ద్రవం, దానంతటదే ఇంకిపోతుంది. సూదితో గుచ్చి తీయబోకండి. లోపలికి క్రిములు చేరతాయి. ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉన్నా, చీము గానీ దుర్వాసన గానీ వచ్చినా డాక్టరుకు చూపించాలి. ఇంట్లో పెద్దవాళ్లు పసుపూ కొబ్బరినూనే రాయమంటారు. వద్దని గౌరవంగానే చెప్పండి. నూనె జిడ్డుకు దుమ్ము పడుతుంది, పసుపు పేరుకుంటే కుట్ల రంగు కూడా తెలియదు. మన వాతావరణంలో పెద్ద శత్రువు ఈగలు. పచ్చి గాయం మీద ఈగ వాలితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి, అందుకే కుట్లు విప్పేదాకా ఆరుబయట కట్టేయకండి. మెడకు పెట్టే ప్లాస్టిక్ కోన్ తీసేయాలని మీకే అనిపిస్తుంది, అంత దీనంగా చూస్తుంది. తిండి పెట్టేటప్పుడు, మీరు పక్కనే ఉన్నప్పుడు తీయండి, మిగతా వేళల్లో ఉంచండి. రెండు నిమిషాలు నాకితే చాలు, కుట్టు ఊడుతుంది. సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో కుట్లు విప్పుతారు. అప్పటిదాకా స్నానం లేదు.

తిండి విషయం పెద్దగా చెప్పేదేమీ లేదు. మెత్తటి అన్నంలో ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కాస్త పెరుగు సరిపోతాయి. మనం తినే కూరలోని ముక్కలు కడిగి పెట్టవద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తానికి హాని చేస్తాయి. ఆకలి తిరిగి వచ్చాక మాత్రం జాలితో గిన్నె నింపకండి. ఇకమీదట దాని బరువు మూడు కాళ్ల కీళ్ల మీదే పడుతుంది. పక్కటెముకల మీద చేయి వేసి రాస్తే ఎముకలు చేతికి తగలాలి. తగలకపోతే అన్నం తగ్గించండి. జీవితాంతం గుర్తుంచుకోవలసింది ఇదే.

ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. మొదటి రెండు వారాలు తాడు కట్టి మలమూత్రాలకు తీసుకెళ్లడం తప్ప నడకలు లేవు. కుట్లు విప్పాక ఐదేసి నిమిషాల నడక రోజుకు మూడు నాలుగు సార్లు, అదీ మట్టి మీదో గడ్డి మీదో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. గెంతుతూ నడవడం మామూలు నడక కంటే అలసట. దారిలో కూర్చుండిపోతే లాగకండి, అది తన విశ్రాంతి తానే తీసుకుంటోంది. ఎండాకాలం తారురోడ్డు మీద పగటిపూట నడిపించవద్దు, కాలిన పంజాను ఎత్తి పెట్టుకోవడానికి దానికి ఇంకో కాలు లేదు. రోజూ కొద్దిసేపు నిలబెట్టి, చేతిలో చిన్న గుడ్డు ముక్క పట్టుకుని దాని ముక్కును ఎడమకూ, కుడికీ, పైకీ నెమ్మదిగా తిప్పించండి. బరువు అటూ ఇటూ మార్చుకోవడంలో మిగిలిన కాలికీ నడుముకూ బలం వస్తుంది. నెల తిరిగేసరికి చాలా కుక్కలు ధీమాగా తిరుగుతాయి, కండ పూర్తిగా పట్టడానికి ఇంకొన్ని నెలలు కావాలి. జైపూర్ కాలులాంటిది పెట్టించలేమా అని మిమ్మల్ని చాలామంది అడుగుతారు. కృత్రిమ కాలు తగిలించడానికి కింద కొంత సొంత కాలు మిగలాలి. తొడ పైన తీసేసినప్పుడు అది కుదరదు, ఒక కాలు పోయిన కుక్కకు సాధారణంగా అవసరమూ లేదు.

చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, గాయం నుంచి రక్తం కారుతూనే ఉండటం, 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, మొదటి రోజు తర్వాత కూడా ఏమీ తినకపోవడం, ఒక రోజు గడిచినా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. మీ ఊళ్లో శస్త్రచికిత్స చేసే వైద్యులు అందుబాటులో లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఏది దగ్గరో ముందే కనుక్కుని ఉంచుకోండి.

ఎల్లుండి ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు డాక్టరును రెండు విషయాలు తప్పక అడగండి. చివరి నొప్పి మందు ఎన్ని గంటలకు ఇచ్చారు, తర్వాతిది ఎప్పుడు అన్నది మొదటిది. ఈ లెక్క తప్పితే మొదటి రాత్రి నరకంలా గడుస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. లారీ గుద్దిన కుక్క కాబట్టి మిగిలిన వెనక కాలి మోకాలికీ, తుంటికీ, కటి ఎముకకూ ఎక్స్‌రే తీశారా అని అడిగి, తీసి ఉంటే ఆ కాపీ తీసుకోండి. ఆ కాలిలో పగుళ్లు గానీ కీలు తొలగడం గానీ ఉంటే నేను పైన చెప్పిన నడకలూ వ్యాయామాలూ ఏవీ వర్తించవు, వాటిని ఆ డాక్టరు చెప్పిన క్రమంలోనే మొదలుపెట్టాలి.