తటస్థుడు దిగితే ఏమనాలి?

సందేహం: “ఆ తటస్థ దేశం కూడా చివరికి యుద్ధంలోకి దిగింది” అని పేపర్లో చదివాను. దిగాక ఇంకా తటస్థ దేశం అనొచ్చా? ఉదాసీనుడన్నా తటస్థుడన్నా ఒకటేనా? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: తటం అంటే ఒడ్డు. ఒడ్డున నిలిచినవాడు తటస్థుడు. దిగే వీలున్నది వాడికే కాబట్టి ‘దిగింది’ అన్న క్రియ అక్కడ చక్కగా అమరింది. నేటి వాడుకలో ఉదాసీనుడు మాత్రం వేరు, వాడికి పట్టింపే ఉండదు. తటస్థుడికి పట్టింపు ఉండొచ్చు, పక్షం ఉండదు. టీవీ చర్చల్లో ఈ తేడా చెరిపేసి, పైగా ‘తటస్త’ అని రాస్తున్నారు. కాస్త నిఘంటువు తిరగేయండి నాయనా!

ఒడ్డున ఉన్నవాడి బాధ్యత ఏమిటో మన నెల్లూరు తిక్కన గారు ఉద్యోగపర్వంలో తేల్చేశారు. కౌరవ సభలో కృష్ణుడు చెప్పిన ‘సారపు ధర్మమున్’ పద్యం చూడండి. ధర్మమూ సత్యమూ ‘పారము బొందలేక’ చెడిపోతున్నాయట. పారం అంటే అవతలి ఒడ్డు. అదే పద్యంలో ‘నిస్తారకము’, అంటే దాటించేది. ఏటి మధ్య కొట్టుకుపోతున్న ధర్మం కళ్లకు కడుతుంది. అప్పుడు ‘దక్షులెవ్వారలుపేక్ష చేసిరది వారల చేటగు’ అన్నారు. సంస్కృత మూలంలో ఉన్నది చూస్తూ ఊరుకున్న సభాసదులు. తిక్కన గారు వాళ్లను ‘దక్షులు’ అన్నారు, అంటే చేతనైనవాళ్లు. ఆ ఒక్క మాటతో నేరం చేతనై ఊరుకున్నవాడి మీదికి వచ్చింది. ఎంత గొప్ప మార్పు!

దేశాలు దిగేది ధర్మం కోసమేనా అంటే, పూర్తిగా ఔననలేను. మొదటి ప్రపంచ యుద్ధమే చూడండి. అమెరికా 1914 ఆగస్టులో తటస్థమని ప్రకటించింది. కానీ దాని సరుకులూ అప్పులూ ఎక్కువగా బ్రిటన్, ఫ్రాన్సులకే వెళ్లాయి. 1915 మే 7న జర్మన్ సబ్‌మెరైన్ బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటేనియాను ముంచితే 128 మంది అమెరికన్లు పోయారు. అప్పటికీ దిగలేదు. 1917 ఫిబ్రవరి నుంచి జర్మనీ తటస్థుల ఓడలను కూడా వదలకుండా ముంచసాగింది. మెక్సికోను అమెరికా మీదికి ఎగదోసే టెలిగ్రామ్ కూడా బయటపడింది. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధం ప్రకటించింది. కాళ్లు ఒడ్డునే ఉన్నా, బేరం ఏట్లో ఉంటే ఎన్నాళ్లు ఆగగలరు?

బెల్జియం కథ వేరు. 1914 ఆగస్టు 4న జర్మన్ సైన్యమే దాని మీద పడింది. అక్కడ ‘దిగింది’ అనకండి, ‘యుద్ధంలోకి లాగారు’ అనండి. ‘లాగబడింది’ అని మాత్రం దయచేసి రాయకండి.

ఇక మీ వాక్యం: ‘అంతవరకు తటస్థంగా ఉన్న దేశం’ అంటే నాకు ఎక్కువ నచ్చుతుంది. హెడ్డింగులో చోటు చాలక ‘తటస్థ దేశం దిగింది’ అన్నారనుకుంటే, తప్పని కొట్టేయలేను.